సెల్లు లాక్కుంటే తీరే జబ్బు కాదిది

సంక్రాంతి సెలవులకు యూనివర్సిటీ పిల్లలు కణేకల్ చుట్టుపక్కల ఊళ్ళకు వచ్చినప్పుడు మన వాడల్లో ఒకే మాట వినబడుతుంది. "వీడొచ్చి నాలుగు దినాలాయ, కూర్చోని నాలుగు మాటలు మాట్లాడింది ల్యా. ఎప్పుడు జూసినా ఆ సెల్లే." అమ్మ కూలికి పోయి తిరిగొచ్చేసరికి కొడుకు పొద్దున ఏ మంచం మీద ఉన్నాడో అదే మంచం మీద ఉంటాడు. నాయన కోపమొచ్చి సెల్లు లాక్కుంటాడు. వాడు అన్నం మానేస్తాడు. రెండో రోజుకు అమ్మే నాయనకు తెలియకుండా సెల్లు తెచ్చిస్తుంది. పండగ అయిపోతుంది, బస్సెక్కి హాస్టలుకు పోతాడు. అక్కడ సెల్లు లాక్కోడానికి కూడా ఎవరూ ఉండరు.

ఇది ఒక ఇంటి కథ కాదు. చాలా ఇళ్ళలో మేము చూసింది, పిల్లలు మాతో చెప్పుకున్నది కలిపి రాస్తున్నాం. పెద్దలు దీన్ని 'సెల్ పిచ్చి' అంటున్నారు. కాలేజీ సెమినార్లలో 'ఇంటర్నెట్ వ్యసనం' అంటున్నారు. రెండు మాటల్లోనూ తప్పంతా పిల్లవాడి మీదికే పోతుంది: వాడికి పట్టుదల లేదు, బాధ్యత లేదు, తల్లిదండ్రుల కష్టం తెలియదు. మేము ఒప్పుకోనిది అక్కడే. అట్లని 'మన పిల్లలకేమీ కాలేదు, ఇదంతా పెద్దోళ్ళ చాదస్తం' అన్నా ఒప్పుకోం. అవుతోంది. హాజరు పోతోంది, హాజరుతో పాటు స్కాలర్‌షిప్ పోతోంది, కొందరికి మొదటి తరంలో దక్కిన సీటే పోతోంది. అందుకే ఈ జబ్బు ఎట్లా పనిచేస్తుందో, మన పిల్లలను ఎక్కడ పట్టుకుంటుందో విప్పి చెప్పాలనుకున్నాం.

కణేకల్ గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. తుంగభద్ర ఎగువ కాలువ, అదే మేము హెచ్చెల్సీ అనేది, నీళ్ళిస్తే కణేకల్ చెరువు నిండుతుంది, కింద వరి పండుతుంది. ఆ పచ్చదనం దాటితే మళ్ళీ అనంతపురం ఎండే. వేదవతి హగరి పక్కన ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరిగి వస్తుంటాయి. మన వాళ్ళలో ఎక్కువమంది ఆ మళ్ళలో కూలికి పోయేవాళ్ళే, పని లేనప్పుడు బళ్ళారికో బెంగుళూరుకో వలస పోయేవాళ్ళే. ఇట్లాంటి ఇళ్ళ నుంచి ఒక పిల్ల అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీకో, జేఎన్‌టీయూకో, హద్దు దాటి బళ్ళారికో, ఇంకా దూరం హైదరాబాదుకో చదువుకు పోయిందంటే అది వాడంతా చెప్పుకునే విషయం. ఆ చదువు మధ్యలో ఆగిపోతే ఆ మాట కూడా వాడంతా పాకుతుంది. మళ్ళీ ఇంకో ఇంటివాళ్ళు పిల్లను పంపాలంటే వెనకాడతారు.

సెల్లు ఇంటికెట్లా వచ్చింది

2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. అంతకు ముందు ఒక జీబీ డేటాకు రెండు వందలకు పైగా పెట్టాల్సి వచ్చేది. ఉన్నట్టుండి డేటా టీ నీళ్ళ కన్నా అగ్గువైంది. అయినా పల్లెల్లో చాలా ఇళ్ళకు ఇంటర్నెట్ వెంటనే రాలేదు. 2017-18లో కేంద్ర ప్రభుత్వం చేసిన 75వ జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లె ఇళ్ళలో ఇంటర్నెట్ ఉన్నవి 14.9 శాతం. కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే.

తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పాఠాలు సెల్లులోకి పోయాయి. అప్పు చేసి, గొర్రె అమ్మి, ఉపాధి కూలి డబ్బులు కూడబెట్టి మన వాళ్ళు పిల్లలకు సెల్లు కొనిచ్చారు. అది సరదాకు కొన్న వస్తువు కాదు. పలక, పుస్తకం, బస్ పాస్ కొన్నట్టు కొన్నది.

అదే సంవత్సరం జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్రం నిషేధించింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలోకి వచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో అన్నిటికన్నా ముందు ఇక్కడే మొదలుపెట్టింది. లెక్క వేసుకోండి. కాలేజీలు మూతపడ్డాయి, పిల్లలు ఇళ్ళలో ఉన్నారు, అప్పు చేసి కొన్న సెల్లు కొత్తగా చేతికొచ్చింది. సరిగ్గా ఆ ఆరు నెలల్లో పాఠం ఉన్న డబ్బాలోకే రీల్స్ వచ్చి కూర్చున్నాయి.

కాలేజీలు తెరిచాక కూడా పాఠం ఆ డబ్బాలోంచి బయటికి రాలేదు. స్కాలర్‌షిప్‌కు జ్ఞానభూమి పోర్టల్, దానికి ఓటీపీ. ఫీజు, హాల్ టికెట్, ఫలితాలు, క్లాసు ఉందా లేదా అనే కబురు, లెక్చరర్ పంపే నోట్సు, అన్నీ సెల్లులోనే. తాగేవాడికి సారాయి అంగడి వైపు పోవద్దని చెప్పొచ్చు. ఇక్కడ సారాయి అంగడి లోపలే బడి పెట్టారు. రోజుకు పదిసార్లు బడికి పోయి, అంగడి వైపు కన్నెత్తి చూడకుండా రమ్మంటున్నారు.

ఏది అలవాటు, ఏది జబ్బు

'ఇంటర్నెట్ వ్యసనం' అనే పేరు పుట్టిందే ఎగతాళిగా. 1995లో న్యూయార్క్ మానసిక వైద్యుడు ఇవాన్ గోల్డ్‌బర్గ్, అన్నిటికీ జబ్బు పేరు పెట్టే తన వృత్తిని వెక్కిరించడానికి ఒక ఉత్తుత్తి జబ్బు లక్షణాలు రాసి పెట్టాడు. కొందరు అది తమకు ఉందని నిజంగానే ముందుకొచ్చారు. మరుసటి సంవత్సరం కింబర్లీ యంగ్ అనే అమెరికా మనస్తత్వవేత్త దీన్ని గట్టిగా పట్టించుకుని పరిశోధన మొదలుపెట్టింది, తర్వాత 20 ప్రశ్నల పరీక్ష ఒకటి తయారు చేసింది. నేటికీ మన కాలేజీల్లో సర్వేలు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది ఆ పరీక్షే. ఒక్కో ప్రశ్నకు 5 మార్కుల దాకా వేసి, మొత్తం 50 దాటితే సమస్య ఉందని, 80 దాటితే తీవ్రమని లెక్క కడతారు.

ఆ ప్రశ్నలను మన పిల్లల పక్కన పెట్టి చూస్తే కొన్ని నవ్వొస్తాయి. చేయాల్సిన పని కన్నా ముందు ఈమెయిల్ చూస్తుంటావా అని ఒక ప్రశ్న. ఫెలోషిప్ కబురు కోసం నెలల తరబడి ఎదురుచూసే పరిశోధక విద్యార్థి రోజుకు ఇరవై సార్లు చూస్తాడు. అది వ్యసనం ఖాతాలో పడుతుంది. జీవిత భాగస్వామి సాన్నిహిత్యం కన్నా ఇంటర్నెట్టే బాగుందనిపిస్తుందా అని ఇంకొకటి. హాస్టల్లో ఉన్న పెళ్ళికాని పిల్లలకు ఈ కాగితం పంచి జవాబు రాయమంటారు! సర్వేకొక శాతం వచ్చిందంటే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. 'మా కాలేజీలో ఇంతమంది వ్యసనపరులు' అనే వార్త కనబడితే, ఏ ప్రశ్నలు ఎవరినడిగి ఆ లెక్క తేల్చారో ముందు అడగండి.

వైద్యశాస్త్రం ఇప్పటిదాకా గట్టిగా గుర్తించింది ఆటల జబ్బును మాత్రమే. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. రీల్స్ చూడడం, చాటింగ్ చేయడం విడి జబ్బులుగా లేవు. కానీ ఆటల జబ్బుకు వాళ్ళు పెట్టిన మూడు గుర్తులు మిగతావాటికీ పనికొస్తాయి. ఆపుదామనుకున్నా ఆపలేకపోవడం. తిండి, నిద్ర, చదువు, మనుషులు అన్నీ దాని వెనక్కి పోవడం. నష్టం కళ్ళముందు కనబడుతున్నా కొనసాగించడం. ఇది మామూలుగా ఏడాది పాటు సాగితేనే జబ్బు అంటారు. ఎన్ని గంటలు చూశాడన్నది ఇందులో ఎక్కడా లేదు. గ్రూప్స్ పరీక్షకు రోజూ ఆరు గంటలు యూట్యూబ్ పాఠాలు వినే అమ్మాయికి జబ్బు లేదు. రెండు గంటలే చూసినా, ఆ రెండు గంటలు రాత్రి 1 నుంచి 3 వరకు అయి, పొద్దున క్లాసుకు లేవలేక, తనను తాను తిట్టుకుని, మళ్ళీ రాత్రికి అదే చేసే పిల్లవాడికి సాయం కావాలి.

వల ఎట్లా అల్లారు

1950లలో స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు మనస్తత్వశాస్త్రం చదివేవాళ్ళకు తెలుసు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరాక మానేస్తుంది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియకపోతే పొడుస్తూనే ఉంటుంది. రీల్స్ అంతే. ఒకటి బాగుండదు, రెండోది బాగుండదు, మూడోది కడుపుబ్బ నవ్విస్తుంది. వేలు పైకి జరపడమే మీట పొడవడం.

పేజీ అడుగుకు వచ్చాక 'తర్వాతి పేజీ' అని నొక్కాల్సిన రోజుల్లో మనిషికి ఒక క్షణం ఆగి ఆలోచించే చోటు ఉండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ చోటు తీసేశాడు. అడుగు అనేదే లేకుండా కిందికి జారుతూ పోయే పేజీని తయారు చేసింది తనేనని, దానివల్ల జరిగిన నష్టానికి బాధపడుతున్నానని తర్వాత బహిరంగంగా చెప్పుకున్నాడు. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి తమ పోటీ మనుషుల నిద్రతోనని అన్నాడు. జోకుగా అన్నాడేమో గానీ వ్యాపారం మాత్రం జోకు కాదు. మనం చూసే ప్రతి నిమిషాన్నీ వాళ్ళు ప్రకటనలవాళ్ళకు అమ్ముకుంటారు.

దీనికి మన దేశపు రీచార్జి పద్ధతి తోడైంది. రోజుకు 1.5 జీబీ, లేదా 2 జీబీ. అర్ధరాత్రి 12 కొడితే మిగిలింది మాయమవుతుంది. చెమటోడ్చిన డబ్బుతో రీచార్జి చేయించుకున్న ఇంటి పిల్లవాడికి వృథా చేయడం ఇష్టముండదు. పదిన్నరకు చూసుకుంటే సగం డేటా మిగిలే ఉంటుంది. 'అయిపోగొట్టి పడుకుందాం' అనుకుంటాడు. పన్నెండు కాగానే కొత్త కోటా వచ్చిపడుతుంది. అది తెల్లారే దాకా సరిపోతుంది. పొదుపు బుద్ధినే వలగా మార్చిన ఈ ఏర్పాటు మీద వ్యసనం గురించి మాట్లాడేవాళ్ళు ఒక్క ముక్కా మాట్లాడరు.

మన పిల్లలు ఎక్కడ చిక్కుతున్నారు

వల అందరికీ ఒకటే. చిక్కే చోటు మాత్రం ఒకటి కాదు.

తెలుగు మీడియంలో చదివి, ఊరి బడి నుంచి యూనివర్సిటీకి పోయిన పిల్ల మొదటి సెమిస్టర్‌లో క్లాసులో నోరు తెరవదు. ఇంగ్లీషులో అడిగితే తప్పు పోతుందని భయం, తెలుగులో అడిగితే నవ్వుతారని భయం. పేరు చెప్పగానే ఇంటిపేరు అడుగుతారు, ఊరు చెప్పగానే ఊళ్ళో ఎక్కడ అని అడుగుతారు. ఎవరూ ఏమీ అనకపోయినా భోజనం బల్ల దగ్గర ఎవరి గుంపు వాళ్ళది అయిపోతుంది. 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్ గురించి ఇచ్చిన నివేదికలో ఇదంతా రాసి ఉంది: హాస్టల్లో దళిత, ఆదివాసీ పిల్లలు వేధింపులు పడలేక గదులు మారి పై అంతస్తుల్లో ఒకచోట చేరడం, మెస్సులో, ఆటల్లో వేరుగా ఉండాల్సి రావడం. దేశంలో అన్నిటికన్నా పెద్ద వైద్య కళాశాలలోనే అట్లా ఉంటే మిగతాచోట్ల సంగతి చెప్పాలా?

అట్లాంటి గదిలో సెల్లు ఒక్కటే కులం అడగదు. ఇంటిపేరు దాచుకోవచ్చు, ఫోటో మార్చుకోవచ్చు. ఆటలో గెలిస్తే ఎవరో తెలియనివాళ్ళు మెచ్చుకుంటారు. క్లాసులో రోజంతా దొరకని మర్యాద రాత్రి రెండు గంటలకు దొరుకుతుంది. పిల్లవాడు సెల్లులోకి పారిపోతున్నాడని అంటాం గానీ, వాడు దేనినుంచి పారిపోతున్నాడో అడగం.

ఇంకొకటి ఎదురుచూపు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఫీజు బకాయి ఉంటే సర్టిఫికెట్లు ఇవ్వరు. పీజీ అయిపోయినవాళ్ళు నోటిఫికేషన్ కోసం, తర్వాత పరీక్ష తేదీ కోసం, తర్వాత కోర్టు కేసు తేలడం కోసం చూస్తుంటారు. ఊరికి పోతే 'ఏం ఉద్యోగం వచ్చింది?' అని అడుగుతారు కాబట్టి ఊరికీ పోరు. డబ్బు లేని మనిషి చేతిలో ఇంత ఖాళీ సమయం ఉంటే దాన్ని నింపడానికి మన దేశంలో ఈరోజు అన్నిటికన్నా అగ్గువగా దొరికేది డేటా.

ఇంటితో మాటలు కూడా తగ్గిపోతాయి. రాత్రి అమ్మ ఫోన్ చేస్తుంది. "అన్నం తింటివా నాయనా?" "తింటి మా." "బాగ చదువుకుంటాండావా?" "ఆఁ." అంతే. నాలుగు సబ్జెక్టులు తప్పానని, పక్క గదివాడు అన్న మాట నిద్రపట్టనివ్వడం లేదని ఆ అమ్మకు ఏమని చెప్తాడు? ఫోన్ పెట్టేసి రీల్స్ తెరుస్తాడు.

పోయేదేమిటి

నిద్రతో మొదలవుతుంది. రాత్రి మూడింటికి పడుకున్నవాడు తొమ్మిది గంటల క్లాసుకు లేవడు. మెస్సులో టిఫిన్ పోతుంది, మొదటి రెండు క్లాసులు పోతాయి. నిద్ర చాలని బుర్రకు ఏకాగ్రత కుదరదు, చదివింది నిలవదు, చిరాకు పెరుగుతుంది. ఇంతవరకు డబ్బున్న ఇంటి పిల్లవాడికైనా ఇదే జరుగుతుంది. అక్కడి నుంచి దారులు వేరవుతాయి.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. హాజరు తగ్గిన డబ్బున్న పిల్లవాడు కాండొనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాసుకుంటాడు. మన పిల్లవాడు ఆ ఫీజు కట్టగలిగినా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఆగితే కాలేజీ ఫీజు బాకీ అవుతుంది, బాకీ ఉంటే హాల్ టికెట్ దగ్గర పేచీ వస్తుంది, ఇంట్లో చెప్పలేడు. ఒక రాత్రి రీల్స్‌కూ చదువు మానేయడానికీ మధ్య వాడికి నాలుగే మెట్లు. ఇంటర్నెట్ వ్యసనం 'అన్ని వర్గాల యువత సమస్య' అని సెమినార్లలో చెప్పేవాళ్ళు ఈ మెట్ల లెక్క చెప్పరు.

డబ్బు కట్టే ఆటలు ఇంకో గొయ్యి. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టం సవరించి నిషేధించింది. తెలంగాణ 2017లోనే చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా బెట్టింగ్ లింకులు టెలిగ్రామ్‌లో తిరుగుతూనే ఉన్నాయి. పోగొట్టుకున్నది రాబట్టుకోవాలని లోన్ యాప్ దగ్గరికి పోతారు. 2021 మొదట్లో రిజర్వ్ బ్యాంకు బృందం లెక్క చూస్తే దాదాపు 1,100 అప్పు యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది. అవి మొదట అడిగేది సెల్లులోని నంబర్లు చూసే అనుమతి. కట్టలేకపోతే ఆ నంబర్లన్నిటికీ బూతులు, మార్చిన ఫోటోలు పంపుతారు. ఇట్లా చిక్కినవాళ్ళకు ఒక్క మాట: ముందు ఇంట్లోవాళ్ళకో స్నేహితుడికో చెప్పండి, 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి. వాళ్ళ బలమంతా మీ సిగ్గులోనే ఉంది.

ఆడపిల్లల సంగతి వేరు. మగపిల్లవాడు సెల్లు పట్టుకుంటే తిట్లతో పోతుంది. ఆడపిల్ల పట్టుకుంటే 'ఎవరితో మాట్లాడుతోంది' అనే అనుమానం వస్తుంది, చదువు మాన్పించి పెళ్ళి చేసేదాకా పోతుంది. అందుకే ఎవరైనా ఆన్‌లైన్‌లో వేధించినా ఆ పిల్ల ఇంట్లో చెప్పదు. వ్యసనం మీద అవగాహన సభ పెట్టి 'పిల్లల సెల్లులు తనిఖీ చేయండి' అని తల్లిదండ్రులకు చెప్పి వెళ్ళిపోతున్న మిత్రులు, ఆ మాట ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఏ రూపం తీసుకుంటుందో ఒకసారి ఆలోచించాలి.

కార్యకర్తలం మనమూ

ఇక్కడ మా సంగతి కూడా చెప్పుకోవాలి. మన ఉద్యమానికి ఇంటర్నెట్ ఇచ్చింది తక్కువేమీ కాదు. పత్రికలు చోటివ్వని రోజుల్లో బి. రవిచంద్రన్ హైదరాబాదులో మొదలుపెట్టిన 'దళిత్ కెమెరా' మన మాటలను మన నోటితోనే రికార్డు చేసింది. 'రౌండ్ టేబుల్ ఇండియా' మనవాళ్ళు రాయడానికి చోటిచ్చింది. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చు వేసిన అంబేడ్కర్ రచనల సంపుటాలు ఒకప్పుడు పెద్ద లైబ్రరీల్లో తప్ప దొరికేవి కావు. ఈరోజు కణేకల్‌లో కూర్చుని సెల్లులో చదువుకోవచ్చు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దూరమయ్యాక, అతను ఫేస్‌బుక్‌లో రాసుకున్నవాటినే పుస్తకంగా వేశారు. ఫెలోషిప్ ఆపేసి, హాస్టల్ నుంచి వెలివేసిన యూనివర్సిటీలో ఆ యువకుడు తన ఆలోచనను నిలబెట్టుకున్న చోట్లలో అదీ ఒకటి. కాబట్టి సెల్లు మన శత్రువని మేము అనం.

కానీ రాత్రి ఒంటిగంటకు మనల్ని తిట్టే ఎవడో ముఖంలేనివాడికి జవాబు రాస్తూ కూర్చునేది కూడా మనమే. ఒక్క కామెంటుకు నలభై జవాబులు రాసి, పొద్దున ఊళ్ళో మీటింగుకు ఆలస్యంగా పోయిన రోజులు మాకూ ఉన్నాయి. కోపం తెప్పించే పోస్టును యాప్ ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది, ఎందుకంటే కోపం ఉన్నచోట మనుషులు ఎక్కువసేపు ఉంటారు. మన ఆత్మగౌరవం కూడా వాళ్ళకు గింజే. అర్ధరాత్రి గ్రూపులో మెసేజ్ పెట్టి 'ఎవరూ స్పందించలేదు' అని జూనియర్లను నిలదీసే నాయకులు పిల్లల వ్యసనం మీద ఉపన్యాసం ఇస్తే ఎవరు వింటారు?

ఇంకో అలవాటూ మానుకోవాలి. 'బాబాసాహెబ్ రోజుకు పద్దెనిమిది గంటలు చదివాడు, నువ్వు రీల్స్ చూస్తున్నావ్' అని పిల్లలను సిగ్గుపరచడం. 1913లో ఆయన కొలంబియా యూనివర్సిటీకి పోయినప్పుడు అక్కడి లైబ్రరీ పుస్తకాలకు చివరి పేజీ ఉండేది. పైగా సిగ్గుపడ్డ పిల్లవాడు ఆ సిగ్గు మరచిపోవడానికి మళ్ళీ సెల్లే తెరుస్తాడు.

దూబగుంట ఆడవాళ్ళు చేసిందేమిటి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో కూలి ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడినప్పుడు మొగుళ్ళను కూర్చోబెట్టి 'మనసు గట్టి చేసుకో' అని చెప్పి ఊరుకోలేదు. సారాయి ప్యాకెట్లు ఊళ్ళోకి రానివ్వలేదు, వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. అంతకు ముందు దాకా తాగుడు తాగేవాడి తప్పుగానే ఉండింది. వాళ్ళు దాన్ని అమ్మేవాడి దగ్గరికీ, అమ్మనిచ్చే సర్కారు దగ్గరికీ తీసుకుపోయారు. ఇంటర్నెట్‌ను నిషేధించమని మేము అడగడం లేదు. ప్రశ్న ఎవరిని అడగాలో ఆ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకోవాలంటున్నాం.

యూనివర్సిటీని అడగాల్సింది ఉంది. 2025 జూలై 25న విశాఖపట్నానికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ, ఇతర అణగారిన వర్గాల విద్యార్థుల పట్ల వివక్ష లేకుండా నడుచుకునేలా వాళ్ళను తయారు చేయాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. ఇది దయ కాదు, కోర్టు ఆదేశం. విద్యార్థి సంఘాలు ఫీజుల మీద ధర్నా చేసినట్టే దీని మీదా అర్జీ పెట్టాలి. వచ్చే కౌన్సెలర్‌కు తెలుగు రావాలి, కులం అనే మాట వినగానే మాట మార్చని మనిషి కావాలి. లైబ్రరీ రాత్రి పది దాకా తెరిచి ఉండాలి. హాస్టల్లో క్యారమ్స్ బల్ల, వాలీబాల్ నెట్ అడగడం చిన్న విషయంలా కనబడుతుంది గానీ, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు మనుషుల మధ్య గడిపిన పిల్లవాడికి రాత్రి సెల్లు అంత తీపిగా ఉండదు.

వైద్యం గురించి ఒక ముచ్చట. కణేకల్ పక్కనే ఉన్న బళ్ళారి పేరు దేశ మానసిక వైద్య చరిత్రలో ఉంది. 1985 నుంచి 1990 వరకు బెంగుళూరు నిమ్హాన్స్ బళ్ళారి జిల్లాలో ఒక ప్రయోగం చేసింది. పెద్దాసుపత్రికి రమ్మనకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి మనసు జబ్బులకు అక్కడే మందులు అందేలా చేసింది. 'బళ్ళారి నమూనా' అని పేరొచ్చింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే పునాది. మన పొరుగు జిల్లాలో పల్లె జనంతో నిరూపించిన పద్ధతి ఇది. మన ఆరోగ్య కేంద్రంలో మనసు గురించి అడిగితే వింతగా చూస్తే, బళ్ళారి పేరు చెప్పి అడిగే హక్కు మనకుంది.

ఇప్పటికిప్పుడు సాయం కావాల్సినవాళ్ళకు టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, 14416కు ఫోన్ చేస్తే డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పగలైనా. సెల్లు వాడకం బాగా ముదిరినవాళ్ళ కోసం నిమ్హాన్స్ 2014 నుంచి 'షట్' పేరుతో ప్రత్యేక క్లినిక్ నడుపుతోంది. అనంతపురం జిల్లావాళ్ళకు బెంగుళూరు కొత్త ఊరు కాదు. చనిపోవాలనే ఆలోచన వస్తున్నవాళ్ళు, తోటివాళ్ళలో అట్లాంటి మాట విన్నవాళ్ళు మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు.

గదిలో చేసుకోదగ్గవి పిల్లలే మాకు చెప్పారు. ఒక గదిలో నలుగురూ ఒప్పుకుని రాత్రి పదకొండుకు సెల్లులన్నీ కిటికీ అరుగు మీద పెట్టేస్తున్నారు. ఒక్కడే చేస్తే నిలవదు, నలుగురు చేస్తే నిలుస్తోంది. లేపడానికి అలారం గడియారం కొన్నారు, సెల్లు దిండు కింద ఉండాల్సిన సాకు పోయింది. రోజువారీ కోటా బదులు నెలకంతా కలిపి ఒకే డేటా వచ్చే ప్యాక్ వేయించుకున్నవాళ్ళు అర్ధరాత్రి లెక్క తప్పిందని చెప్పారు. రీల్స్ యాప్ తీసేసి, పాఠాలకు మాత్రం యూట్యూబ్ ఉంచుకున్న ఒకమ్మాయి మూడు వారాల్లో రెండుసార్లు మళ్ళీ పెట్టుకుని మళ్ళీ తీసేసింది. ఓడిపోయినట్టు చెప్పుకుంది గానీ, మేమైతే మానేయడం అట్లాగే ఉంటుందని చెప్పాం.

ఇంట్లోవాళ్ళకు ఒకటే మనవి. సెల్లు లాక్కోకండి. లాక్కుంటే స్కాలర్‌షిప్ ఓటీపీ కూడా పోతుంది, పిల్లవాడు మీతో చెప్పబోయిన మాటా పోతుంది. 'తింటివా' అని అడిగాక ఇంకో ప్రశ్న అడగండి: రాత్రి ఎన్నింటికి పండుకుంటివి, నీ పక్క మంచం పిల్లోడెవురు, వాడు నీతో మంచిగా ఉంటాడా. మొదటి రోజు జవాబు రాదు. రెండో వారం వస్తుంది.

పండగ అయిపోయి హాస్టలుకు పోతున్న మిత్రులు మెట్ల దగ్గర నోటీసు బోర్డు చూడండి. 14416 అని రాసి ఉందా, కౌన్సెలర్ పేరు, కూర్చునే సమయం ఉన్నాయా? లేకపోతే వార్డెన్‌కు ఒక అర్జీ రాయండి, ఒక నకలు రిజిస్ట్రార్‌కు పంపండి, ఇంకో నకలు మీ దగ్గర ఉంచుకుని తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టనంటే ఆ సంగతి తేదీతో సహా మాకు రాయండి.